పిల్లల చేతిలో పిశాచకథలు



నేటి నా ప్రసంగవిషయము పండితులకు మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. పండ్రెండేండ్లు దాటి యిరువదియేండ్లు నిండని మన పిల్లలు చదువుచున్న కథలనుగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మొన్న వేసవి సెలవులకు నా మనుమడు గొల్లపల్లికి వచ్చినపుడు వాని సంచిలో రెండు పుస్తకములు కనబడినవి. ఒకటి భారతకథను కర్ణుని నోట చెప్పించినది. రెండవది దయ్యములు, మంత్రగాండ్రు గల యొక కథావళిలో నాలుగవ సంపుటము. మా యరుగుమీద కూర్చుండు మిత్రులలో ఒకరు మొదటిదానిని తిరుగవేసి, "వ్యాసులవారికంటె వీరికి ఎక్కువ తెలిసినదా?" అని క్రింద పెట్టిరి. మరియొకరు రెండవదానిని ముట్టనైన ముట్టలేదు. చదువరినని ఊరిలో నాకొక పేరున్నది గనుక తీర్పు చెప్పుమని నన్నడిగిరి. తీర్పు చెప్పుటకుముందు నేను చేసిన తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

1980 ప్రాంతపు మాట. నా పెద్దకొడుకునకు అప్పుడు పండ్రెండేండ్లు. వాడు నెలనెలా చందమామలో వచ్చు ధారావాహికపు పుటలను విప్పి, వరుసగా పేర్చి, గోనెదారముతో కుట్టి, పాత క్యాలెండరు కాగితముతో అట్టవేసి దాచుకొనెడివాడు. లెక్కలలో వానికి మార్కులు తగ్గినవి. నాకు కోపము వచ్చినది. రాక్షసులు, మాంత్రికులు, రెక్కల గుఱ్ఱములు, ఇదేనా చదువు అని ఆ కుట్టుపుస్తకమును నీళ్లకాగు క్రింద పెట్టితిని. వాడు ఏడ్వలేదు. ఏడ్చినయెడల బాగుండెడిది. నాటినుండి వాడు తెలుగున కథాపుస్తకమును పట్టలేదు. ఇంజనీరై, యింటివాడై, యిద్దరు బిడ్డల తండ్రియైన పిదప కూడ నేను ఏ పుస్తకము పంపినను, "బాపూ, తీరిక లేదు" అనును.

వాని పుస్తకమును కాల్చిన యా దినములలోనే నా తలగడక్రింద ఒక వారపత్రిక యుండెడిది. అందులోని చేతబడి నవలను నేను వారము వారము కాచుకొని చదువుచుంటిని. ఆ సంగతికి మరల వచ్చెదను.

పుస్తకములు కాల్చుట యనినంతనే నాకు గుణాఢ్యుడు జ్ఞప్తికి వచ్చును. సాతవాహనరాజు నాస్థానములో నున్న యా పండితుడు ఒక పందెములో ఓడి సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెనట. తరువాత అడవిలో పిశాచముల భాషయగు పైశాచిని నేర్చి, అందు ఏడులక్షల గ్రంథముగా బృహత్కథను తన రక్తముతో వ్రాసెనట. పిశాచభాష, నెత్తురు వ్రాత యని రాజు దానిని త్రోసిపుచ్చెను. గుణాఢ్యుడు కొండమీద అగ్నిగుండము పేర్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి అగ్నిలో వేయసాగెను. మృగములు మేత మాని కన్నీరు కార్చుచు వినుచుండెను. రాజుగారి వంటశాలకు వచ్చు మాంసము ఎండిపోయినదై యుండుటచే కారణము విచారింపగా ఈ సంగతి బయటపడెను. రాజు పరుగున వచ్చునప్పటికి ఆరులక్షలు బూడిదయైనవి. మిగిలినది ఒక లక్ష. 11వ శతాబ్దమున కాశ్మీరదేశమున సోమదేవుడు ఆ మిగిలిన కథనే కథాసరిత్సాగరమను పేర సంస్కృతమున చెప్పెను. బేతాళుడు విక్రమార్కునకు చెప్పిన యిరువదియైదు కథలును అందు కలవు.

ఇది ఐతిహ్యమే గాని శాసనము కాదు. అయినను సాతవాహనులు మనకు పరాయివారు గారు. మన జిల్లాలో గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో 1979 తరువాత జరిగిన త్రవ్వకములవలన ఆ సీమ ప్రాచీనత వెల్లడియైనది. ఆ వంశమునకు మూలపురుషుడని పురాణములు చెప్పు శ్రీముఖుని నాణెములు అచ్చట దొరకినవి. ఆ రాజు పుస్తకమును త్రోసిపుచ్చెను, నేను స్వయముగా కాల్చితిని. ఆయనకు లక్షయైన మిగిలినది.

ఇక కర్ణుని నోట భారతము చెప్పించిన పుస్తకము మాట. పూర్వకథను మార్చి చెప్పుట నేటి పట్టణపు పిల్లలకై పుట్టిన వింత యని మా మిత్రుని యభిప్రాయము. వేములవాడకు బస్సెక్కి పోయినచో ఆ యభిప్రాయము నిలువదు. పదవ శతాబ్దమున అచ్చట చాళుక్యరాజైన రెండవ అరికేసరి కొలువులో పంపకవి కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. దాని కాలము 941 అని చరిత్రకారులు చెప్పుదురు. నన్నయగారు రాజమహేంద్రవరమున తెలుగు భారతమునకు పూనుకొనుటకు నూరేండ్లు ముందన్నమాట. పంపడు చేసిన మార్పులు సామాన్యములు గావు. తన ప్రభువైన అరికేసరిని అర్జునునితో నొక్కటి చేసి కథ నడపెను. ద్రౌపదిని అర్జునునికొక్కనికే భార్యను చేసెను. కడపట పట్టాభిషేకము ధర్మరాజునకు గాక అర్జునునకే జరిగెను. సుభద్ర పట్టమహిషియయ్యెను. కర్ణునిపట్ల ఆ కవికి గల యాదరము ప్రసిద్ధమే. ఇంత చేసినను ఆయనను కన్నడులు ఆదికవి యని తలనిడుకొనుచున్నారు. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధరమువద్ద కురిక్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనములో సంస్కృత కన్నడములతో పాటు మూడు తెలుగు కందములును కలవు. మన భాషకు అవి ఎంత విలువైనవో మీరెఱుగుదురు.

పంపడు చేసిన మార్పు లన్నియు నాకు నచ్చినవని చెప్పను. రాజును మెప్పించుటకు ధర్మరాజు సింహాసనమును తీసి మరియొకని కిచ్చుట నాకు నేటికిని మింగుడు పడదు. కాని ఆయన మూలమును క్షుణ్ణముగా నెఱిగి మార్చెను. ఎక్కడ మార్చుచున్నాడో, ఎందులకు మార్చుచున్నాడో వినువారికి తెలియును. నా మనుమని పుస్తకమును నేను రెండు రాత్రులలో చదివితిని. కర్ణుని దుఃఖమును చెప్పిన పుటలు బాగున్నవి. కాని ద్యూతసభలో కర్ణుడు ద్రౌపదిని పలికిన పరుషవాక్యములు అందు లేవు. నాయకునకు మచ్చ రాకూడదని కాబోలు, మ్రింగివేసిరి. ఇది మార్చుట గాదు, దాచుట. ఆ మాట పలికి, దానికై పిదప కుమిలిన కర్ణుడే పెద్దవాడు. మచ్చలేని కర్ణుని పిల్లలు ప్రేమింతురు గాని అతనినుండి ఏమియు నేర్వరు. నా మనుమనితో ఈ మాట చెప్పగా వాడు, "తాతా, ఆ మాటలు ఎక్కడున్నవి?" అని సభాపర్వము అడిగెను. చెడ్డ పుస్తకము కూడ ఒక్కొక్కపుడు మంచి దారి చూపును.

శాసనములు, కావ్యములు అటుండనిండు. మన యూరిపేరులోనే గొల్లలున్నారు. వారి యింటిముందర మందహెచ్చులవారు కాటమరాజు కథ చెప్పుట మనము చూచినదే. సిరిసిల్ల మగ్గములవారికి కూనపులివారు పటము విప్పి మార్కండేయపురాణమును, భావనాఋషి కథను చెప్పెడివారు. భావనాఋషి పులినెక్కి రాక్షసునితో పోరుటను బొమ్మలలో చూచుచు, రేతిరంత మేలుకొనిన పిల్లలు ఆ సీమలో ఎందరో కలరు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క కథకుడు, ఒక్కొక్క పటము. పురాణమును ఆ కులము తన కన్నుతో మరల చెప్పించుకొనెను. వారిలో ఎవ్వరిని వ్యాసులవారు వచ్చి నిలదీయలేదు.

పిశాచకథలలో చరిత్ర కూడ కలదు. మన కోరుట్లకు పడమటనున్న భీమగల్లు సీమవాడని పరిశోధకులు చెప్పు కొరవి గోపరాజు 15వ శతాబ్దమున సింహాసనద్వాత్రింశికను పద్యములలో వ్రాసెను. ముప్పదిరెండు బొమ్మలు భోజరాజునకు విక్రమార్కుని కథలు చెప్పును. పైకి చూడగా అన్నియు నమ్మరాని వింతలే. అయితే సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రమును ప్రకటించినపుడు, నాటి జనుల ఆటపాటలు, కట్టుబొట్లు, తిండితీపులు తెలిసికొనుటకు ఆ బొమ్మల కథలనే శ్రద్ధగా వెదకిరి. రాజుల శాసనములలో దానముల లెక్కలుండును గాని పల్లెటూరి ఆటలుండవు గదా.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున రాజమహేంద్రవరమున మధిర సుబ్బన్నదీక్షితులుగారు పండ్రెండు భాగములుగా కాశీమజిలీకథలు వ్రాసిరి. ఒక సిద్ధుడు కాశికి పోవుచు తోడుగా ఒక గొల్లపిల్లవానిని వెంటబెట్టుకొనును. మజిలీమజిలీకి ఆ పిల్లవాడు తాను చూచిన వింతనొకదానిని అడుగును, సిద్ధుడు మణిమహిమచే దాని కథ చెప్పును. పిల్లవాడు అడుగనిదే కథ లేదు. ఈ కట్టుబాటు నాకు ఎంతయో నచ్చినది. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమునకు మూలము ఈ కథలలోనిదే. అందు నేపాళమాంత్రికుని చూచి భయపడనివారు, నవ్వనివారు మనలో నెవరు? 1947 జూలైలో మదరాసున నాగిరెడ్డి, చక్రపాణిగారలు ఆరంభించిన చందమామ ఈ త్రోవనే నడచినది. పట్టువదలని విక్రమార్కుడు నెలనెలా శవమును భుజమున వేసికొనెను. బేతాళుడు నెలనెలా ప్రశ్న వేసెను. నేను కాల్చిన ధారావాహికను వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. వారి పేరు అప్పుడు పత్రికలో ఉండెడిది కాదు. ఎవరి శ్రమను కాల్చితినో కూడ నాకు చాలయేండ్లు తెలియదు.

ఇప్పుడు నా తలగడక్రింది పత్రిక మాటకు వచ్చెదను. అది ఆంధ్రభూమి వారపత్రిక, నవల యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళము. చదివించుటలో ఆయన నేర్పు గొప్పది, కాదనను. నా నిద్రను చాల రాత్రులు హరించినది. కథలో చేతబడికి గురియైనది ఒక పసిబిడ్డ. చేయించినవారు ఎక్కడనో ఏడుసముద్రముల కవతల నున్న రాక్షసులు గారు. మనవంటి మనుష్యులు, తెలిసినవారు, ఆస్తికొఱకు చేయించినవారు. వైద్యుల మాటలు కూడ అందు కలవు. కాని రాత్రి దీపమార్పిన తరువాత నా మనసున నిలిచినది వైద్యుని మాట గాదు. రంగనాయకమ్మగారు ఆ నవలను తీవ్రముగా ఖండించుచు ఒక పుస్తకమే వ్రాసిరి. నేనప్పుడు ఆమెమీద కోపగించుకొంటిని.

నేను విడమరచి చెప్పదలచిన భేదము ఇదియే. నేపాళమాంత్రికుడు మన వీధిలో లేడు. బేతాళుడు మన చింతచెట్టుమీద లేడు. వారిని చూచి పిల్లవాడు భయపడును, పుస్తకము మూయగానే భయము మూతబడును. చేతబడి కథలోని మాంత్రికుడు అట్లు గాదు. వాడు పొరుగింటిలో నుండును, వానికి ఇంటిపేరుండును. ఈ తెలంగాణములో బాణామతి యను మాట ఎందరి ప్రాణము తీసినదో మన తరమువారికి చెప్పనక్కరలేదు. బిడ్డకు జ్వరము వచ్చిననాడు ఒంటరి ముదుసలి యింటిమీదికి పోయి పళ్లూడగొట్టిన పల్లెలు మనకు తెలియును. అది పాతకాలపు ముచ్చటయు గాదు. 2022 జనవరిలో మన జగిత్యాల పట్టణములోనే, మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, ఆయన యిద్దరు కుమారులను చంపిరి. ఆ చంపినవారు ఏదో నవల చదివి చంపిరని నేననుట లేదు. అట్లనుట అన్యాయము. ఆ యనుమానము నవలలకంటె పాతది. కాని దానికి ఒక చెంచా నూనెయైన పోయు కథను ఈ సీమలో ఎవ్వరు వ్రాసినను, చదివినను, తెరమీద ఆడించినను నేను హర్షింపజాలను. నేను నలుబదియేండ్లక్రితము ఒకదానిని ఆత్రముతో చదివినవాడనే గనుక ఈ మాట అనుటకు నాకు కొంత హక్కు కలదు.

ఈ కొలతతో మనుమని రెండవ పుస్తకమును చూచితిని. అది ఇంగ్లండు మంత్రవిద్యార్థుల కథ. రౌలింగమ్మ 1997 నుండి 2007 వరకు ఏడు సంపుటములుగా వ్రాసిన హారీ పోటరు కథావళిలోనిది. చీపురుకట్టలమీద ఎగురుట మొదట నాకు నవ్వు పుట్టించినది. మన మునులు పాదుకలు తొడిగి ఎగిరినపుడు నవ్వని నేను చీపురుకు నవ్వనేల యని పిదప తోచినది. నాలుగవ సంపుటము మిక్కిలి సాగినది, నడుమ నూరుపుటలు తీసివేసినను నష్టము లేదు. అయినను అందులో ఒక బాలుని మరణమున్నది. దానిని తేలికగా చెప్పలేదు. మాంత్రికుని పేరు పలుకుటకే జనులు భయపడుచుండగా పిల్లవాడు ఆ పేరు పలుకును. అనుమానముతో జనులు అమాయకుని వేటాడుట తప్పని ఆ కథావళి పలుమారులు చూపును. మా మిత్రుడు ముట్టని పుస్తకము ఇదియే. ఇది మన యిండ్లలో ఉండదగినదనియే నా తీర్పు. కర్ణుని పుస్తకమును మాత్రము సభాపర్వముతో కలిపి చదువవలెనని చెప్పితిని. మిత్రులు సగమే యొప్పుకొనిరి.

సెలవులు ముగియువేళ మనుమని తీసికొని పోవుటకు నా కొడుకు వచ్చెను. చందమామ అచ్చు నిలిచిపోయి పదియేండ్లు దాటినది. పాతపుస్తకముల అంగడిలో వెదకి సంపాదించిన యేడెనిమిది సంచికలు వానిముందు పెట్టితిని. వాడు కాల్చినది కాదని చూచుటకో యేమో ఒకదాని అట్టను చేతితో నిమిరి, మరల నా చేతికిచ్చి, "బాపూ, బండికి వేళయైనది" అనెను. మనుమడు వానిని సంచిలో వేసికొనెను.