దూరవాణి, చరవాణి, సర్కారు కొలువు



ప్రభుత్వోద్యోగి పనివేళల్లో చేతిలో ఫోను పట్టుకోవచ్చునా, కూడదా అన్న వివాదం నిన్నమొన్నటిదిగా కనబడుతుంది గాని, దాని వేళ్ళు చాలా లోతుకు పోయాయి. మా శాంతిపురం మండలం తెలుగు, తమిళ, కన్నడ సీమల పొలిమేరలు ఒకదానినొకటి ఒరుసుకొనే కుప్పం ప్రాంతంలో ఉంది. ఈ మూల నుండి చూస్తే ఆ చరిత్ర తేటగా కనబడుతుంది. మూడు దశాబ్దాలకు పైగా బడిపంతులుగా బతికినవాడిని కనుక నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

మన దేశంలో దూరవాణి కేంద్రాలు 1882లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరాలలో వెలిశాయి. మూడేళ్ళకే, 1885లో, భారత తంతి చట్టం వచ్చి ఆ తీగలపై పెత్తనాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. దానికి బదులుగా కొత్త చట్టం 2023లో గాని రాలేదు. అంటే నూటముప్పై ఏళ్ళకు పైగా ఈ దేశంలో తీగ మీద నడిచే మాటకు సర్కారే యజమాని.

కార్యాలయంలో ఆ యాజమాన్యం కంటికి కనబడేది. ఫోను అధికారి బల్ల మీద కూర్చునేది. డయలుకు చిన్న తాళం వేసేవారు. ట్రంకు కాల్ చేస్తే ఎవరికి, ఎందుకు అన్నది రిజిస్టరులో వ్రాయాలి. సొంత పనికి వాడుకుంటే రుసుము కట్టాలి. వస్తువు సర్కారుది, బిల్లు సర్కారుది కనుక నియమం పెట్టే హక్కును ఎవరూ ప్రశ్నించలేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తనా నియమావళి ఉద్యోగి నుండి కోరిన కర్తవ్యనిష్ఠకు, ఈ విషయంలో, ఒక తాళం, ఒక రిజిస్టరు సరిపోయాయి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నేను పనిచేసిన పల్లె బడులలో ఫోను ఊసే లేదు. ఉత్తర్వు జిల్లా నుండి మండలానికి కాగితంగా వచ్చేది. అక్కడి నుండి ఎవరో ఒకరు పట్టుకొచ్చేవారు, లేదా జీతాల రోజున మేమే తెచ్చుకునేవాళ్ళం. ఆలస్యమయ్యేది, నిజమే. అయితే ఆ ఆలస్యంలో ఒక మేలు దాగి ఉంది. ఎంతటి అత్యవసరమైన ఉత్తర్వు అయినా బడి గడప దగ్గర ఆగి, పాఠం ముగిసేదాకా వేచి ఉండవలసి వచ్చేది.

2002లో కుప్పం నియోజకవర్గంలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ అనే ప్రయోగం మొదలుపెట్టాయి. పల్లెలలో సమాచార కేంద్రాలు తెరిచి, కంప్యూటరు ద్వారా పాలనను ప్రజల ముంగిటికి తేవాలన్నది సంకల్పం. ఆ యంత్రానికి ఒక గది ఉండేది, వేళలు ఉండేవి. గది మూస్తే పని ముగిసినట్టే.

గదికి ఉన్న ఈ హద్దును చరవాణి చెరిపివేసింది. దేశంలో తొలి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల నడుమ జరిగింది. 2003 మేలో వచ్చే పిలుపులకు రుసుము తొలగిన పిమ్మట అది సామాన్యుడి జేబులోకి దిగింది. పేరులోనే మార్పు ఉంది చూడండి. దూరవాణిలో దూరం ప్రధానం, చరవాణిలో చలనం ప్రధానం. చలనంతో పాటు యాజమాన్యమూ మారింది. ఇప్పుడు వస్తువు ఉద్యోగిది, బిల్లు ఉద్యోగిది. మా పొలిమేర పల్లెలలో ఫోను ఒక్కొక్కప్పుడు పక్క రాష్ట్రపు టవరును పట్టుకొనేది. అధికారి పిలిస్తే రోమింగు రుసుము పడేది క్రింది ఉద్యోగికి. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగులో వచ్చే పిలుపులను ఉచితం చేసేదాకా ఆ సంస్థ ఫోనులకు ఈ బాధ తప్పలేదు.

ఇక్కడి నుండి ప్రభుత్వాల మాట రెండు నాలుకలైంది. 2021 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం, కార్యాలయంలో వీలైనంతవరకు బల్ల మీది ఫోనునే వాడండి, సెల్ ఫోనులో మెల్లగా మాట్లాడండి అని ఉద్యోగులకు మర్యాదలు నేర్పింది. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు, పనివేళల్లో ఉద్యోగులు సొంత అవసరాలకు ఫోను వాడడాన్ని తప్పుబట్టి, నియమాలు చేయమని తమిళనాడు ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే ఏడాది ఆగస్టులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులోనే ముఖం చూపి హాజరు వేయాలన్నారు. ఫోను మాది, డేటా మాది, సిగ్నలు అందకపోతే గతి ఏమిటని ఉపాధ్యాయ సంఘాలు అడిగాయి. సరిగ్గా మరుసటి ఆగస్టులో, 2023లో, యునెస్కో నివేదికను ఉటంకిస్తూ, ఉపాధ్యాయుడు ఫోనును ప్రధానోపాధ్యాయుడికి అప్పగించి తరగతికి వెళ్ళాలన్నారు.

రెండు ఉత్తర్వులనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఉదయం గడప దగ్గర ఫోను లేకపోతే నేరం, గడప దాటాక ఉంటే నేరం! నడిమి కాలంలో మధ్యాహ్న భోజనానికి, మరుగుదొడ్లకు కూడా ఫొటోలు తీసి పంపవలసి వచ్చింది. మరుగుదొడ్ల ఫొటోల పని 2024లో తప్పింది. 2025లో పలు యాప్‌లను ‘లీప్’ అనే ఒక్కదానిలో చేర్చారు. భారం కొంత తగ్గింది గాని, ఫోను ఎవరిదన్న మూలప్రశ్న అలాగే ఉంది.

నేను ఉద్యోగులను వెనకేసుకు రావడం లేదు. పింఛను కాగితం పట్టుకొని ఒక ముసలమ్మ నిలబడి ఉండగా, బల్ల వెనుక మనిషి తెర మీద బొమ్మలు చూస్తూ నవ్వుకోవడం మీరూ చూసే ఉంటారు. తరగతిలో ఫోను మోగితే తెగేది పంతులు ఆలోచన ఒక్కటే కాదు, నలభైమంది పిల్లల ధ్యానం. ఆ మేరకు 2023 నాటి ఉత్తర్వు సబబైనదే.

అయితే పాత రిజిస్టరు నేర్పిన న్యాయం ఒకటుంది. అదుపు చేసే హక్కు ఖర్చు భరించేవాడిది. సర్కారు పనికి ఫోను కావాలంటే సర్కారే కొనివ్వాలి. అప్పుడు తాళం వేసినా, లెక్క అడిగినా ఎవరూ కాదనరు. సొంత ఫోనును పాఠం వేళ పక్కన పెట్టమంటే, ఆ వేళలో సర్కారు కూడా దానిలోకి సందేశాలు పంపకూడదు. నియమం ఇరువైపులా ఉంటేనే నియమం.

ఉత్తర్వు గడప దగ్గర ఆగిన ఆ రోజులు తిరిగి రావు. రావాలని కోరను కూడా. కానీ ఆనాడు పిల్లవాడికి దక్కిన నలభై ఐదు నిమిషాలు ఈనాటి పిల్లవాడికీ దక్కాలి కదా? కొలువులలో ఉన్న మిత్రులు తమ అనుభవాలు తెలియజేస్తే సంతోషిస్తాను.