తీసిన రంగు ఎక్కడికి పోయినది?

పాత తలుపునకు గాని, పాత కారునకు గాని క్రొత్త రంగు వేయవలెనన్న ముందు పాత రంగును వదల్పవలెను. రంగులు వేయుటను గూర్చి చరిత్రకారులు ఎంతో వ్రాసిరి. వదల్చుటను గూర్చి వ్రాసినవారు అరుదు. వదలిన రంగును, దానిని వదల్చిన మందును కలిసి ముద్దయై నేలపై పడిన పిమ్మట ఏమయ్యెనని విచారించినవారు మరియు అరుదు. ఈ ప్రసంగమున మేము ఆ ముద్ద చరిత్రను చెప్పబూనినాము.

పూర్వము ఈ పనికి క్షారమే సాధనము. మొదట కట్టెబూడిద నుండి తీసిన క్షారజలము, తరువాత కాస్టిక్ సోడా. నూనెరంగునకు బంధము ఎండిన అవిసెనూనె. క్షారము తగిలినంతనే ఆ నూనె సబ్బుగా మారి ఊడివచ్చును. చేతులు కాలును, కొయ్య నల్లబడును, అయినను పని జరుగును. కడిగిన నీరు కాలువ పాలగును. ఆ నీటిలో పోయినది క్షారము మాత్రమే కాదు. ఆనాటి తెల్లరంగులోను, ఇనుప వంతెనలకు పూసిన సింధూరపు రంగులోను ఉన్నది సీసము. తెల్లసీసపు రంగుల వాడుకను కట్టడి చేయుచు 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒడంబడికను ఆమోదించెను. గోకునపుడు లేచు ధూళిని గూడ అది విస్మరింపలేదు. అయితే దాని దృష్టి పనివాని దేహముపైననే యుండెను. ఊడ్చి పారబోసిన ధూళి మీదికి లోకము దృష్టి మరలుటకు ఇంకను అర్ధశతాబ్ది పట్టెను.

20వ శతాబ్ది ఆరంభమున అమెరికాలో కార్లటన్ ఎల్లిస్ మొదలగు రసాయనికులు బెంజీను, ఆల్కహాలు వంటి ద్రవములలో కొంచెము మైనము కలిపి క్రొత్త మందులు తయారుచేసిరి. మైనము ఏల? పాలపై మీగడవలె అది పైకి తేలి, ద్రవము ఆవిరి కాకుండ కాపాడును. యుక్తి చక్కనిదే. కాని ఆ ద్రవములు నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును. అదియును గాక, బెంజీను మనుష్యుని ఎముకమూలుగను చెరచి రక్తమును పాడుచేయునది.

మంట భయము లేని మందు కావలెనని వెదకగా దొరికినది మిథిలీన్ క్లోరైడు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇది కార్ఖానాలన్నిటను వ్యాపించెను. పూసిన కొలది నిమిషములలోనే రంగు బొబ్బలెక్కి లేచును. ఇంతటి పనితనము గల మందును జనులు మెచ్చుకొనుటలో వింత లేదు. అయితే ఇది 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. అనగా రెంటచింతల వేసవిలో నీడనున్న డబ్బాలోనే మరుగవచ్చును. ఆవిరి గాలికంటె బరువైనది గనుక పైకి పోక, గుంటలలోను తొట్లలోను నిలిచియుండును. దేహములో ప్రవేశించిన పిమ్మట ఇది కొంతవరకు కార్బన్ మోనాక్సైడుగా మారునని స్టివార్టు అను అమెరికా వైద్యుడును, ఆయన సహచరులును 1972లో వెల్లడించిరి. బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు మూసిన గదిలో మనుష్యుని చంపు వాయువు అదియే. అమెరికాలో 2000 నుండి 2011 వరకు స్నానపు తొట్ల పాత పూతను తీయుచు ఈ మందువలన 13 మంది పనివారు మరణించిరని 2012లో ప్రభుత్వ నివేదికయే తెలిపెను.

గాలిలో కలిసిన భాగము సంగతి ఇది. మట్టిలో కలిసినది మరియొక కథ. ఈ ద్రవము నీటికంటె మూడవవంతు అధికముగా బరువైనది. పెరటిలో పారబోసినచో కొంత ఆవిరియై పోవును, మిగిలినది భూమిలోనికి దిగును, భూగర్భజలము తగిలినను ఆగక దాని అడుగునకు చేరి, అచ్చట నుండి కొంచెము కొంచెముగా కరగుచుండును. అమెరికాలో త్రాగునీటికి విధించిన పరిమితి లీటరునకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కను పట్టి చూచిన, ఒక్క లీటరు మందు 26 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దునకు తేగలదు. డబ్బా అడుగున మిగిలిన గుక్కెడును కాలువలో ఒలికించు పనివాడు ఈ లెక్క ఎరుగడు; అతనికి ఎవ్వరును చెప్పలేదు.

చెప్పుట ఆలస్యముగానే మొదలైనది. అమెరికాలో 1976లో అపాయకర వ్యర్థముల శాసనము వచ్చెను. వ్యర్థము పుట్టిన చోటి నుండి నశించు చోటి వరకు ప్రతి మజిలీలోను చీటీ వెంటనుండవలెనని దాని సారము. వాడిన మిథిలీన్ క్లోరైడు ఆ జాబితాలో చేరెను. 1984 సవరణను అనుసరించి 1986 నవంబరు నుండి ఇట్టి ద్రావకములను శుద్ధి చేయక భూమిలో పూడ్చుట నిషేధింపబడెను. పారబోయుట కష్టమైన పిమ్మటనే, అసలు ఈ మందు లేకుండ పని జరుగదా అను ఆలోచన బలపడినదని మా అభిప్రాయము. యూటా రాష్ట్రమున హిల్ విమాన స్థావరమువారు 1980 దశకములో ఫాంటమ్ యుద్ధవిమానముల రంగును చిన్న ప్లాస్టిక్ రేణువులను వేగముగా చిమ్మి రాల్చిరి. వేల గ్యాలన్ల తడిముద్దకు బదులు పొడిదుమ్ము మిగిలెను. అందులోను విషలోహములున్నవి, కాని దానిని పోగుచేసి మూటగట్టవచ్చును. తరువాత ఐరోపా సమాఖ్య 2011 నాటికి సామాన్యులకు ఈ మందు అమ్మకమును ఆపెను. అమెరికా 2019లో గృహస్థులకు నిషేధించి, 2024లో పరిశ్రమలలోని పెక్కు ఉపయోగములకు గూడ ఆ నిషేధమును విస్తరింపజేసెను.

మన దేశమున 1984 నాటి భోపాలు ఘోరమే కనువిప్పు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమును, 1989లో అపాయకర వ్యర్థముల నియమములును వచ్చినవి. అప్పటికే పటాన్‌చెరువు ప్రాంతమున కర్మాగారముల ద్రావకములు నక్కవాగులో కలిసి, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టునకు ఎక్కెను. హైదరాబాదు చెంత దుండిగల్లులోను, విశాఖపట్టణము చెంత పరవాడలోను ఇట్టి వ్యర్థములకు ప్రత్యేక స్థలములు తరువాత ఏర్పడినవి. 2016 నియమముల ప్రకారము కార్ఖానాదారు సామాన్యముగా 90 దినములకు మించి వ్యర్థమును నిలువ ఉంచరాదు. తరలించునపుడు ఏడు ప్రతుల చీటీ వ్రాయవలెను.

కార్ఖానాలో చేయదగిన పని పెద్దది కాదు. గోకిన ముద్దను, తుడిచిన గుడ్డలను మూతగల ఇనుప డబ్బాలో వేసి, పేరు వ్రాసి, చల్లని చోట ఉంచవలెను. అనేక ప్లాస్టిక్ డబ్బాలను ఈ మందు మెత్తబరచును. క్లోరిను గల ద్రవమును టర్పెంటైనుతో కలిపినచో రెండింటిని శుద్ధి చేయుటయు కష్టమగును. కుప్ప వేసి తగులబెట్టుట అన్నిటికంటె చెడ్డది: హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగయు, కొంత ఫాస్జీను వాయువును వెలువడును. వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిమి గల కొలిమిలో, పొగను కడుగు ఏర్పాటుతో మాత్రమే దీనిని దహింపవలెను. ఇంటిరంగులలో సీసమునకు మన దేశమున 10 లక్షల వంతులకు 90 వంతుల హద్దు 2017 నవంబరు నుండి అమలైనది. అంతకు పూర్వపు తలుపుల రంగును సీసము గలదిగా భావించుటయే క్షేమము.

చిక్కు చిన్నవారితోనే. పెద్ద కర్మాగారమునకు లారీ వచ్చును. వీధిచివర చెట్టు క్రింద బీరువాలకు రంగు తీయువాని రెండు డబ్బాల కొరకు ఏ లారీయు రాదు. గృహములలోని అపాయకర వ్యర్థములను స్వీకరించుటకు 20 చదరపు కిలోమీటర్లకు ఒక్క కేంద్రము చొప్పున పురపాలక సంస్థలు నెలకొల్పవలెనని 2016లో వెలువడిన ఘనవ్యర్థ నియమములు విధించినవి. పారవేసిన రంగు డబ్బాలు ఆ జాబితాలో పేరుతో సహా ఉన్నవి. తమ పట్టణమున అట్టి కేంద్రము ఎచ్చట నున్నదో పురపాలక కార్యాలయమున విచారింప వీలున్నది; లేదని జవాబు వచ్చినచో ఆ జవాబును వ్రాతమూలముగా కోరవచ్చును.