పరిచారికావృత్తిలో తొలి దినములు

గడచిన వేసవిలో మా పూర్వవిద్యార్థిని యొకతె తల్లితో గూడ మా యింటికి వచ్చినది. నర్సు చదువు ముగించి పట్టణమున నొక ఆసుపత్రిలో పనికి చేరి మూడు మాసములైనది. ఆ పిల్ల తల వంచుకొని కూర్చుండెను, తల్లియే మాటలాడెను. “పంతులుగారూ, దీనికి ఆ పని వద్దటండి. రోగికి సూది వేయబోతే చేయి వణకినదట. పెద్ద నర్సు పదిమందిలో కసరినదట. చదువులో ఎప్పుడూ ముందే గదా, మరి ఈ బెదురేమిటి? మీరైనా చెప్పండి.” అప్పుడా పిల్ల మెల్లగా, “పుస్తకములో ఉన్నదంతా వచ్చును మాస్టారూ, ఎదుట మనిషి పడుకొని ఉంటే ఏమీ జ్ఞాపకము రాదు” అన్నది.

మేము వైద్య మెఱుగము. పిల్లలకు పాఠములు చెప్పి బ్రదుకువారము. కావున ఆనాడు ఆమెకు చెప్పినది ఒక చరిత్రయే. ఇట్టి కూతుండ్రును కోడండ్రును నేడు మన యిండ్లలో పెక్కుమంది యున్నారు గనుక, దానినే కొంచెము విపులముగా చదువరుల ముందుంచుచున్నాము.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ పరిచారకునకు మరల నాలుగు గుణము లుండవలెను: ఉపచారము తెలిసియుండుట, దాక్ష్యము, రోగియందు అనురాగము, శౌచము. వీనిలో ఉపచారజ్ఞానము కొంతవఱకు గ్రంథమువలన లభించును. శౌచము అలవాటువలన వచ్చును. అనురాగము మనసును బట్టి యుండును. దాక్ష్యము మాత్రము చేతులు పనిలో పెట్టిననే గాని రాదు. మనము ధైర్యమని చెప్పుకొనునది ఈ దాక్ష్యము వెంట వచ్చునదే. ముందు ధైర్యము వచ్చిన పిమ్మట పని చేసెద ననువారికి రెండును దక్కవు.

ఇందులకు నిదర్శనముగా ఫ్లారెన్సు నైటింగేలు తొలి దినములను తీసికొందము. చేత దీపము పట్టి సైనికుల మంచములమధ్య తిరిగిన ఆమె చిత్రము మన బడిపుస్తకములలో గూడ నుండును. ఆ చిత్రమును చూచినవా రామె జన్మతః ధీరురాలని తలంతురు. ఆ దీపము చేతికి వచ్చుటకు పూర్వము గడచిన సంవత్సరములను లెక్కించువారు తక్కువ.

ఆమె 1820 మే 12వ తేదీన సంపన్నకుటుంబమున జనించెను. తండ్రి స్వయముగా గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. 1845లో తమ యింటికి చేరువనున్న సాల్సుబరీ ఆసుపత్రిలో కొన్ని మాసములుండి రోగిసేవ నేర్చుకొనెదనని యడిగినప్పుడు ఇంటిల్లిపాది అదరిపడిరి. ఆ కాలమున ఇంగ్లండులో ఆసుపత్రిపని మర్యాదగల స్త్రీలు చేయునది కాదు. కూలికి కుదిరిన నర్సులకు తాగుబోతులను అపఖ్యాతి యుండెను. మన దేశమునందును తల్లిదండ్రులు ఇట్టి భయముతోనే కూతుండ్రను ఈ వృత్తికి పంపక నిలిపిన కాల మొకటి యుండెను. అది పూర్తిగ గడచిపోయినదని చెప్పుటకును మాకు నోరు రాదు.

అనుమతి లేకపోయినను ఆమె ఊరక కూర్చుండలేదు. తెల్లవారకమునుపే లేచి, దీపపు వెలుతురున ఆసుపత్రుల నివేదికలను చదివి వివరములు వ్రాసికొనుచుండెను. ఈ విధముగ సంవత్సరములు గడచినవి. 1850లో ఈజిప్టు, గ్రీసు దేశములనుండి తిరిగి వచ్చుచు, జర్మనీలోని కైసర్స్‌వెర్తులో ఫ్లీడ్నరు అను మతబోధకుడు 1836లో నెలకొల్పిన సేవికల ఆశ్రమమును చూచెను. మరుసటి యేడు అచ్చట మూడు మాసములు శిక్షణ పొందెను. కూతురు ఆసుపత్రికి పోయినదని పదిమందికి తెలియుట తల్లికి ఇష్టము లేకపోయెను. ఉదయము ఐదుగంటలకు లేచుట, ముతక భోజనము, రోగుల పుండ్లు కడుగుట, శస్త్రచికిత్సలు కన్నులార చూచుట: ఇది ఆమె తొలి బడి. అచ్చటి రోగిసేవయు పారిశుద్ధ్యమును ఏమంత మేలైనవి కావనియు, పనివారి మనోభావము మాత్రము ఉత్తమమనియు ఆమె పిమ్మట తెలిపినది. మొదటి బడి లోపములు లేనిదై యుండనక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

1853 ఆగస్టులో లండను హార్లీవీధిలో రోగిణులగు కులీనస్త్రీల కొఱకు ఏర్పడిన చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురా లయ్యెను. జీతము లేదు, తండ్రి ఏటేట 500 పౌనులిచ్చుటకు ఒప్పుకొనెను. అచ్చట ఆమె తలపెట్టిన సంస్కారములు చూడుడు: ప్రతి అంతస్తునకు గొట్టములలో వేడినీరు, భోజనమును మేడపైకి చేర్చు యంత్రము, రోగి పిలువగనే నర్సునకు వినబడు గంటలు. ఇవి చిన్న విషయములే. కాని నర్సు మెట్లెక్కి దిగుటతోనే అలసిపోయిన రోగిచెంత నుండున దెవ్వరు? మతభేదము లేక అందఱు రోగిణులను చేర్చుకొనవలెనని ఆమె కార్యవర్గముతో పోరాడి గెలిచెను. సుమా రొక సంవత్సరము నడపిన ఆ చిన్న ఆసుపత్రియే పెద్దపనికి ఆమె చేతులను సిద్ధపఱచినది.

1854 అక్టోబరు 21న ఆమె 38 మంది స్త్రీలతో క్రిమియా యుద్ధపు గాయపడినవారికి సేవచేయ బయలుదేఱెను. వారిలో సన్న్యాసినులును గలరు, కూలికి వచ్చిన ఆసుపత్రి నర్సులును గలరు. నవంబరు మొదటివారమున కాన్‌స్టాంటినోపిలు ఎదుటనున్న స్కుటారి చేరిరి. సైనికవైద్యులు వారిని రోగుల చెంతకు రానీయలేదు. ఇట్టి తిరస్కారము కలిగినప్పుడు కొందఱు కలహింతురు, కొందఱు వెనుదిరుగుదురు. ఆమె రెండును చేయలేదు. వైద్యులు పిలువనిదే ఒక్క నర్సయినను వార్డులో అడుగుపెట్టరాదని ఆజ్ఞాపించి, తనవారిచేత పాతగుడ్డలు విప్పించి కట్లు సిద్ధపఱపించెను, దిండ్లు కుట్టించెను, రోగుల పథ్యమునకు జావలు కాయించెను. నవంబరు 5న ఇంకర్మను యుద్ధము జరిగెను. ఓడలనిండ గాయపడినవారు వచ్చిపడిరి. అప్పుడు వైద్యులే సహాయమును కోరిరి. కట్లు సిద్ధముగ నుండెను.

ఇక్కడ కథ ముగించిన అర్ధసత్యమే చెప్పినవార మగుదుము. ఇంత సేవ జరిగినను ఆ చలికాలమున మరణములు తగ్గలేదు, హెచ్చినవి. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చేరినవారిలో నూటికి 42 మంది మరణించిరి. ఆ కట్టడము క్రింద మురుగుకాలువలు పూడి క్రుళ్లియుండెను. మార్చిలో ప్రభుత్వమువారు పంపిన పారిశుద్ధ్యసంఘము వచ్చి కాలువలు శుభ్రపఱచి, గోడలకు సున్నము వేయించి, గాలి యాడునట్లు చేసిన తరువాత, జూను నాటికి ఆ సంఖ్య నూటికి 2కు దిగెను.

ఈ లెక్కల తాత్పర్యము నైటింగేలునకు యుద్ధకాలమున పూర్తిగ బోధపడలేదు. 1856లో ఇంగ్లండు చేరిన పిదప, గణాంకశాస్త్రజ్ఞుడగు విలియం ఫారుతో గూడి అంకెలను శోధించినప్పుడే, గాయములకంటె, ఆకలికంటె మురికియే ఎక్కువమందిని చంపినదని ఆమెకు స్పష్టమయ్యెను. అప్పటికే దేశమంతయు ఆమెను దేవతగా కొనియాడుచుండెను. కీర్తిని నమ్ముకొని మిన్నకుండవచ్చును. ఆమె అట్లుండక ఆ మరణములకు కారణము అందఱికి తెలియునట్లు రేఖాచిత్రములు గీయించి అచ్చొత్తించి పంచిపెట్టెను. అటుపిమ్మట జీవితమంతయు పారిశుద్ధ్యమునకై పోరాడెను. తప్పు ఎఱుకపడిన దినమున క్రుంగిపోక, దానిని విద్యగా మార్చుకొనుటయే నిజమైన ఆత్మవిశ్వాసమని మా యభిప్రాయము. సూది వేయునప్పుడు చేయి వణకుట దీని ముందేపాటి?

ఆమె తన తరువాతి వారిని ఒంటరిగా ఆ దారిని పొమ్మనలేదు. ప్రజలిచ్చిన నిధిలో నుండి 1860లో లండను సెయింటు థామసు ఆసుపత్రియందు నర్సుల పాఠశాల వెలసెను. మొదట చేరినవారు పట్టుమని ఇరువదిమందియు లేరు. శిక్షణకాల మొక సంవత్సరము. బస, భోజనము, దుస్తులు, కొంత పైకమును ఇచ్చుచుండిరి. మేట్రను వార్డ్రోపరు అమ్మగారు ప్రతి శిష్యురాలి పనిని మాసమాసము పట్టికలో వ్రాయుచుండెను: వేళకు వచ్చుట, నెమ్మదితనము, నమ్మకము, శుభ్రత యొకవైపు, కట్లు కట్టుట, రోగిని కదల్చుట, రోగి స్థితిని కనిపెట్టి చెప్పుట మఱియొకవైపు. క్రొత్తవారికి వెంటనే రాదని యెఱిగినవారే ఇట్టి పట్టిక వ్రాయగలరు. నేర్చుకొనువారి తడబాటును కసరి మాన్పవచ్చునని తలంచువారికి పట్టికతో పనిలేదు.

మన ప్రాంతమున ఈ విద్య ఆలస్యముగ ప్రవేశించినది. 1871లో మదరాసు జనరలు ఆసుపత్రిలో శిక్షణ ఆరంభమయ్యెను. 1883లో గుంటూరునకు వచ్చిన అన్నా కుగ్లరు అను అమెరికా వైద్యురాలు 1898లో అచ్చట స్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పెను. అయినను 1946లో భోరు సంఘమువారు లెక్క చూచునప్పటికి దేశమంతటను నర్సులు ఏడువేలమంది మాత్రమే యుండిరి. అనగా 43,000 మందికి ఒక్కతె. కూతుండ్రను పంపని యిండ్లే ఈ లెక్కకు కొంత కారణమని మఱువరాదు.

మేమా పిల్లతో ఇట్లంటిమి: “అమ్మాయీ, నీకు జ్ఞానమున్నది, అనురాగమున్నది. చేయి వణకుటయే నీకు రోగి నొప్పి తెలియునని చెప్పుచున్నది. దాక్ష్యమునకు మూడు మాసములు చాలవు. తెలియనిది అడుగుటకు సిగ్గుపడకుము; తెలియకయే తెలిసినట్లు చేయుటకు మాత్రము సిగ్గుపడుము. ప్రతిరాత్రి ఆనాడు చేసిన పనిని, తప్పిన పనిని ఒక పుస్తకమున వ్రాసికొనుము.” తల్లితో, “అమ్మా, అది ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులని అడుగకుము, ఈవేళ ఏ రోగి నిదురపోయినాడని అడుగుము” అంటిమి.

ఆ పిల్ల తిరిగి పనికి వెళ్లినది. మొన్న దసరాకు వచ్చినప్పుడు చేతిలో ఒక చిన్న నోటుపుస్తకము చూపినది. మొదటి పుటలలో తప్పులే యుండెను. చివరి పుటలలోను తప్పు లున్నవి గాని, అవి వేఱు తప్పులు.