కనుమ నాడు ప్రయాణం ఎందుకు వద్దంటారు? గొడ్ల సావిడి చెప్పే చలికాలపు చరిత్ర

 

ఈ రోజు ఎపిసోడ్ మీ అందరి ఇళ్లలో జరిగే ఒక గొడవతో మొదలుపెడదాం. సంక్రాంతికి ఊరెళ్తాం. భోగి అయింది, పండగ అయింది. కనుమ రోజు సాయంత్రం హైదరాబాద్ బస్సుకి టికెట్ బుక్ చేసుకుంటాం. అంతే, అమ్మమ్మ మొదలుపెడుతుంది. "కనుమ నాడు కాకైనా కదలదు, నువ్వెక్కడికిరా బయల్దేరేది?" మనం నవ్వేస్తాం. ఏదో మూఢనమ్మకం అనుకుంటాం. ఫోన్‌లో ముహూర్తం వెతికితే అక్కడా దానికి సరైన కారణం దొరకదు.

కారణం పంచాంగంలో కాదండి, గొడ్ల సావిట్లో ఉంది. కనుమ అంటే పశువుల పండగ. ఆ రోజు ఎద్దుల మెడ మీద కాడి పెట్టకూడదు. ఎద్దుకి సెలవైతే బండి లేదు, బండి లేకపోతే ప్రయాణం లేదు. పెద్దవాళ్లు చెప్పే కారణం ఇదే. బండ్లు పోయి బస్సులు వచ్చాయి. కారణం పోయింది, మాట మిగిలింది.

ఈ ఒక్క మాట పట్టుకుని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల చలికాలంలో జనం ఎలా బతికారు, ఏం నమ్మారు, ఎవరికి మొక్కారు అనేది ఈ రోజు చూద్దాం. అమెరికా సినిమాల్లో గుర్రాలు, కంచెలు ఉన్న రాంచ్ చూసుంటారు కదా. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది ఈ సావిడే. ఇంటికి ఆనుకుని ఒక పాక, పక్కన గడ్డిమేటు, ముందు కుడితి గోలెం, వెనకాల పెంటపోగు. ఊరి ఆస్తి, ఊరి భక్తి రెండూ అక్కడే.

ముందు నీళ్ల సంగతి. 1832–33లో ఈ ప్రాంతంలో పెద్ద కరువు వచ్చింది. తెలుగు సంవత్సరం పేరుతో నందన కరువు అన్నారు, ఆకలికి డొక్కలు ఎండిపోయాయని డొక్కల కరువు అని కూడా అన్నారు. పక్కనే గోదావరి, ఇటు కృష్ణ, మధ్యలో ఆకలి. తర్వాత ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి వచ్చింది. గోదావరి నుంచి ఒక కాలువ తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తుంది. కృష్ణ నుంచి ఇంకో కాలువ ఏలూరు వస్తుంది. రెండు నదుల నీళ్లూ కలిసిన ఊరండి ఏలూరు. ఆ కాలువల మీద సరుకు పడవలు కూడా నడిచేవి.

కాలువ వస్తే వరి వచ్చింది, ఇది అందరికీ తెలుసు. వరితో పాటు పశువు బతుకు కూడా మారిందన్నది మనం పెద్దగా పట్టించుకోం. బీడు భూములన్నీ పొలాలైతే గొడ్లు మేసే చోటు తగ్గుతుంది. బదులుగా గడ్డి దొరుకుతుంది. అంటే పశువు బయట తిరిగి మేసే రోజులు తగ్గి, సావిట్లో కట్టేసి మేపే రోజులు పెరిగాయి. కట్టేసిన పశువుకి మనిషి కావాలి. గడ్డి వెయ్యాలి, కుడితి పెట్టాలి, పేడ తియ్యాలి, కడగాలి. ఆ మనిషి ఎవరన్నదే ఈ రోజు అసలు కథ. కాసేపట్లో అక్కడికే వద్దాం.

ఇప్పుడు ఒక చలికాలపు తెల్లవారుజాము ఊహించుకోండి. మార్గశిరం. మంచుకి ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనపడదు. సావిట్లో దోమలకి పొగ వేశారు. ముసలి ఎద్దు మీద గోనెపట్టా కప్పారు. గేదెల్ని పితుకుతున్న చప్పుడు. అప్పటికే పొలాల్లో సార్వా పంట కోసి, కుప్పలు వేసి ఉన్నాయి. కళ్లంలో కుప్ప నూర్చాలంటే పశువుల్ని వరసగా కట్టి గుండ్రంగా తొక్కించేవాళ్లు, దాన్నే బంతి తోలడం అంటారు. గింజ ఇంట్లోకి, గడ్డి మేటుకి. పశువు తొక్కిన గింజ మనిషి తింటాడు, మనిషి కోసిన గడ్డి పశువు తింటుంది. ఇదీ లెక్క.

ఈ లెక్క మీదే భక్తి నిలబడింది. ధనుర్మాసం మొదలవ్వగానే వాకిట్లో పేడ కల్లాపి, ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మ. గొబ్బెమ్మ అంటే ఏంటి? సావిట్లోంచి తెచ్చిన పేడ ముద్ద. దానికి పసుపు, కుంకుమ, నెత్తిన గుమ్మడిపువ్వు. ఆ గొబ్బెమ్మల్ని పారెయ్యరు, పిడకలు కొడతారు. చిన్నపిల్లలు పిడకల దండలు భోగి మంటలో వేస్తారు. దాచిన పిడకలతో మాఘమాసంలో రథసప్తమి నాడు పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడు ఆకులో సూర్యుడికి నైవేద్యం పెడతారు. డిసెంబర్ మధ్యలో మొదలైన పేడ ముద్ద ఫిబ్రవరి దాకా నెలన్నర పైగా దేవుడి పనిలో ఉంటుందన్నమాట! హరిదాసు వస్తే అక్షయపాత్రలో బియ్యం, గంగిరెద్దు వస్తే పాత బట్ట, చేటెడు ధాన్యం. ఇంట్లో కొత్త ధాన్యం ఉన్న రోజులు కాబట్టి ఇచ్చే చెయ్యి కూడా ఉదారంగానే ఉండేది.

ఇక కనుమ. తెల్లారగానే ఎద్దుల్ని కాలువకి తోలుకెళ్లి రుద్ది కడుగుతారు. కొమ్ములకి రంగు, మెడలో మువ్వల పట్టెడ, నుదుటన బొట్టు, హారతి. ఇంట్లో మినపగారెలు. ఏడాదంతా పని చేసిన పశువుకి మనిషి చెప్పే కృతజ్ఞత అది. బాగుంది కదా?

బాగుంది. కానీ ఒక ప్రశ్న అడుగుదాం. ఆ తెల్లవారుజామున చన్నీళ్లలో దిగి ఎద్దుని కడిగిందెవరు? కొమ్ములకి రంగు పూసిందెవరు? చాలా ఇళ్లలో హారతి ఇచ్చింది ఇంటావిడ, దణ్ణం పెట్టింది కామందు, కడిగింది మాత్రం పాలేరు. ఏడాదికింత ధాన్యం అని మాట్లాడుకుని జీతానికి కుదిరినవాడు. వాడి కొడుకు గొడ్లు కాసే పిల్లాడు. కనుమ నాడు ఎద్దుకి సెలవు. పాలేరుకి? ఆ రోజు ఇంకాస్త ఎక్కువ పని. కొత్త పంచె, ఆకులో అన్నం, గారెలు పెట్టేవాళ్లు, నిజమే. కానీ ఆ భోజనం సావిట్లోనే. పశువు గుమ్మం దాకా వచ్చి హారతి తీసుకునేది. దాన్ని కడిగినవాడు కులం కారణంగా ఆ గుమ్మం దాటలేకపోయేవాడు.

మన పండగల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట దాటేస్తాం. దాటెయ్యకూడదు. ఎందుకంటే ఇదే చలికాలంలో, ఇవే ఊళ్లలో, ఇంకో పండగ ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఇక్కడ ఆగాలి.

క్రైస్తవ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. ఏలూరులో 1854లో మిషన్ మొదలైంది. మొదట్లో వాళ్లు బడులు పెట్టి పై కులాల పిల్లలకి చదువు చెబుతూ ఉండిపోయారు. మార్పు తెచ్చింది మిషనరీ కాదు, ఒక మాల రైతుకూలీ పేట మనిషి. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య. 1859లో ఆయన బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెనకాల కుటుంబాలు, పేటలు కదిలాయి. పొలాల్లో, సావిళ్లలో పని చేసే జనం తమంతట తాము గుడి కట్టుకుని, తమ పిల్లల్ని తమ బడికి పంపడం మొదలైంది.

తర్వాత 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన ప్రోత్సహించిన ఒక పద్ధతి ఇప్పటికీ మన ఊళ్లలో ఉంది, అది కోతల పండుగ. పంట చేతికొచ్చాక గుడికి ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపెట్టలు తెచ్చి దేవుడికి ఇస్తారు, అక్కడే వేలం వేస్తారు. ఇంకోటి పిడికెడు బియ్యం. ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన పెట్టేవాళ్లు. కూలికి వచ్చిన బియ్యంలోంచి తీసిన పిడికెడు అది. మీరొకసారి ఆలోచించండి. ఎప్పుడూ తీసుకునే చెయ్యిగా మాత్రమే చూసిన మనిషి, గుడిలో ఇచ్చే చెయ్యి అయ్యాడు.

డిసెంబర్ 25 అంటే మన దగ్గర సార్వా కోతల చివర. కూలి గింజలు ఇంట్లో ఉండే రోజులు. పేటలో వెదురుబద్దల నక్షత్రం, కొత్త బట్టలు, పిండివంటలు, రాత్రంతా పాటలు. పైగా క్రిస్మస్ కథ మొదలయ్యేదే పశువుల పాకలో! పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ. ఆ కథని మొదటిసారి విన్న గొడ్లు కాసే పిల్లాడికి పశువుల తొట్టి అంటే ఏంటో ఎవరూ బొమ్మ వేసి చూపించక్కర్లేదు. పొద్దున్నే తను కడిగొచ్చిన తొట్టే అది. దేవుడి గొప్పతనం మాట అలా ఉంచండి, తన పని చోటు దేవుడి కథలోకి రావడం చిన్న విషయం కాదు.

కనుమ తప్పు, క్రిస్మస్ ఒప్పు అని కాదండి నేను చెప్పేది. ఒకే సావిడి మీద రెండు పండగలు నిలబడ్డాయని చెబుతున్నా. ఒకటి సావిడి యజమానిది, ఇంకోటి సావిట్లో పని చేసినవాడిది. మూడు వారాల తేడాతో వచ్చే ఆ రెండు పండగల మధ్య మన ఊళ్ల సామాజిక చరిత్ర మొత్తం ఉంది.

ఇక్కడి నుంచి దక్షిణంగా కొల్లేరులోకి దిగుదాం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు ఇందులో పడి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. చలికాలం గడిచేకొద్దీ నీళ్లు వెనక్కి తగ్గి అంచుల్లో పచ్చిక బయటపడేది. గట్టు మీద ఊళ్ల గేదెలకి అదే మేత. కోసిన చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందలు. లంక గ్రామాల్లో తాటి దోనెల మీద రాకపోకలు. ఈ చలికాలాన్ని ముగించే పండగ కొల్లేటికోటలో ఉంది. అదే పెద్దింట్లమ్మ జాతర. ఫాల్గుణమాసంలో జరుగుతుంది. వల నిండాలని ఒకరు, పాడి నిలవాలని ఒకరు, అందరి మొక్కూ ఆ తల్లికే. ఒకప్పుడు పడవల మీద వెళ్లేవాళ్లు, ఇప్పుడు రోడ్డు మీద వెళ్తున్నారు.

మరి ఆ సావిళ్లు ఏమయ్యాయి? దుక్కికి ట్రాక్టర్ వచ్చింది, ఎద్దు పోయింది. కోత మిషన్ వచ్చింది, బంతి తోలడం పోయింది. 1980ల నుంచి కొల్లేరులో, చుట్టుపక్కల పొలాల్లో చేపల చెరువులు తవ్వేశారు, పచ్చిక పోయింది. తమాషా ఏంటంటే సావిట్లో వస్తువులే చెరువులోకి వెళ్లాయి. గేదె కుడితిలో కలిపే తవుడు, నూనె తీశాక, చిల్లుల సంచుల్లో కట్టి చేపలకి వేలాడదీస్తున్నారు. పేడ కూడా చెరువుకి ఎరువైంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు, 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గట్లతో పాటు కొంతమంది పేదవాళ్ల బతుకుతెరువూ కొట్టుకుపోయింది. ఆ గొడవ ఇంకా తేలలేదు. అదొక పూర్తి ఎపిసోడ్, ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇప్పుడు గొబ్బెమ్మకి పేడ కావాలంటే పక్క వీధిలో అడిగి తెచ్చుకుంటున్నాం, పిడకలు ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నాం. కనుమ నాడు కడగడానికి ఎద్దు లేక చాలామంది బైక్ కడుగుతున్నారు. అయినా పండగ ఉంది. పండగ బతికింది కాబట్టే ఈ చరిత్ర అడగడానికి మనకి ఒక దారి మిగిలింది.

కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్లని మన సావిట్లో ఎద్దుల పేర్లేంటని అడగండి. టక్కున చెబుతారు, ఏది కుడివైపు కట్టేవాళ్లో, ఏది పొడిచేదో కూడా చెబుతారు. తర్వాత వాటిని చూసుకున్న పాలేరు పేరేంటని అడగండి. పూర్తి పేరు. వాళ్ల పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? అక్కడ కాస్త నిశ్శబ్దం వస్తే, ఆ నిశ్శబ్దం కూడా చరిత్రేనండి. మీలో కొంతమందికి ఆ పేరు మీ తాతగారిదే కావచ్చు. అప్పుడు అడగాల్సింది మీరు కాదు, చెప్పాల్సింది మీరు.

తెలిసిన కథ ఉంటే ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే రికార్డ్ చేసి దాచుకోండి. ఇక కనుమ టికెట్ సంగతి. వీలైతే ముక్కనుమ అయ్యాక బుక్ చేసుకోండి. ఎద్దు లేకపోయినా అమ్మమ్మ ఉంది కదా!

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.