ఫ్రెంచ్ రివియేరాలో శీతకాలపు విడిది

ఫ్రాన్స్ ఆగ్నేయ మూలన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఇయేర్ పట్టణం నుంచి ఇటలీ సరిహద్దునున్న మెంటన్ దాకా సాగే తీరం ఫ్రెంచ్ రివియేరా. దీనికే కోత్ దజూర్ అని మరో పేరు. 1887లో స్తెఫెన్ లియెజార్ రాసిన పుస్తకంతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. ఇప్పుడు ఈ తీరం పేరు చెబితే ఆగస్టు ఎండ, ఈత దుస్తులు, పడవలు మనసులో మెదులుతాయి. నిజానికి 18వ శతాబ్దం చివరి నుంచి 1920ల వరకు ఇది పూర్తిగా చలికాలపు విడిది. అక్టోబరు, నవంబరు నెలల్లో జనం దిగేవారు, ఏప్రిల్ దాటితే పెట్టెలు సర్దుకునేవారు. వేసవిలో పెద్ద హోటళ్లకు తాళాలు పడేవి.

దీనికి మూలం భౌగోళిక పరిస్థితే. ఉత్తరపు చలిగాలులను ఆల్ప్స్ పర్వతాలు అడ్డుకుంటాయి. రోన్ లోయ గుండా హోరున వీచే మిస్ట్రల్ గాలి ఎస్తెరెల్ కొండలకు తూర్పున చాలావరకు నెమ్మదిస్తుంది. వేసవిలో దాచుకున్న వేడిని సముద్రం చలినెలల్లో కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే జనవరిలోనూ నీస్ నగరంలో పగటి ఉష్ణోగ్రత 13 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మన లెక్కన అది స్వెటర్ వేసుకోవాల్సిన చలే. లండన్ పొగమంచులోంచో, సెయింట్ పీటర్స్‌బర్గ్ మంచులోంచో వచ్చినవారికి మాత్రం అది వసంతం.

వైద్యులు చూపిన దారి

ఈ తీరాన్ని ఆంగ్ల పాఠకులకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడు స్కాట్లండ్ రచయిత, వైద్యుడు టోబియాస్ స్మాలెట్. ఆయన 1763 చివర్లో భార్యతో కలిసి నీస్ చేరాడు. దంపతులు అప్పటికి కొద్దికాలం కిందటే ఒక్కగానొక్క కూతురిని పోగొట్టుకున్నారు. ఆయన ఆరోగ్యమూ అంతంతమాత్రమే. నీస్ అప్పట్లో ఫ్రాన్స్‌ది కాదు, సార్డీనియా రాజ్యానిది. స్మాలెట్ అక్కడ వాతావరణాన్ని నెలల తరబడి నమోదు చేశాడు, స్థానికులు విస్తుపోయి చూస్తుండగా సముద్రంలో స్నానాలు చేశాడు. 1766లో వచ్చిన ఆయన యాత్రా గ్రంథం నిండా మనుషుల మీద విసుగే. అయినా గాలి మంచిదన్న మాట మాత్రం పాఠకుల్లో నిలిచిపోయింది.

నీస్‌లో క్రమంగా ఆంగ్లేయుల వాడ ఏర్పడింది. 1820–21 శీతకాలంలో తీవ్రమైన చలికి నారింజ తోటలు దెబ్బతిని, పని లేని కూలీలు వీధుల్లో బిచ్చమెత్తసాగారు. లూయిస్ వే అనే మతగురువు ఆంగ్లేయుల దగ్గర చందాలు పోగుచేసి, ఆ కూలీలతో సముద్రం పక్కన నడకదారి వేయించాడు. మొదట రెండు మీటర్ల వెడల్పున్న ఆ దారే నేటి ప్రొమెనాద్ దెజాంగ్లే, నీస్‌కు ముఖచిత్రం.

కేన్స్ కథ మరీ యాదృచ్ఛికం. బ్రిటన్ మాజీ లార్డ్ చాన్సలర్ హెన్రీ బ్రూమ్ 1834లో జబ్బుతో ఉన్న కూతురిని వెంటబెట్టుకొని ఇటలీకి బయలుదేరాడు. కలరా భయంతో సార్డీనియా అధికారులు వార్ నది సరిహద్దు మూసేశారు. వెనక్కి తిరిగి కేన్స్ అనే జాలరి పల్లెలో బస చేసిన బ్రూమ్‌కు ఆ చోటు నచ్చింది. స్థలం కొని, కూతురి పేరున విల్లా కట్టించాడు. 1868లో అక్కడే మరణించాడు. ఆయన వెనకే ఆంగ్ల కులీనులు వచ్చి కొండవాలు నిండా ఇళ్లు కట్టారు. మెంటన్‌కు ఆ పాత్ర పోషించింది డాక్టర్ జేమ్స్ హెన్రీ బెన్నెట్. క్షయతో 1859లో వచ్చి, కోలుకొని, ఆ ఊరి శీతకాలం మీద పుస్తకమే రాశాడు. ఎండా గాలీ మార్చడమే ఆ రోగానికి అప్పట్లో వైద్యులు చెప్పిన ప్రధాన చికిత్స. కోలుకోనివారూ ఎందరో, మెంటన్ పాత శ్మశానంలో రష్యన్, ఆంగ్ల పేర్లు కనిపించడం అందుకే.

రైలు, రాణి, జూదం

1860లో నీస్ ఫ్రాన్స్‌లో కలిసింది. రైలు 1863లో కేన్స్‌కు, 1864లో నీస్‌కు, 1868లో మొనాకోకు, మరుసటేడు మెంటన్‌కు చేరింది. మెంటన్, రోక్‌బ్రూన్‌లను 1861లో ఫ్రాన్స్‌కు వదులుకున్న మొనాకోకు ఆదాయం పడిపోయింది. ఫ్రాన్స్‌లో జూదగృహాలపై నిషేధం ఉండటం ఆ చిన్న రాజ్యానికి కలిసొచ్చింది. 1863లో జూదశాల నిర్వహణను ఫ్రాన్స్వా బ్లాంక్‌కు అప్పగించింది. అలా మోంటే కార్లో పుట్టింది. రోగుల కోసం వెలసిన తీరానికి కులాసాగా తిరిగేవారు ఎగబడింది ఆ తరవాతే.

విక్టోరియా మహారాణి 1882లో మెంటన్‌కు వచ్చింది. 1895 నుంచి 1899 దాకా ఏటా వసంతారంభంలో నీస్‌లోని సిమియే కొండ మీద బస చేసింది. ఆమె పరివారంలో ఆగ్రా నుంచి వెళ్లిన మున్షీ అబ్దుల్ కరీం ఉండేవాడు. 1897లో ఆయన తమ సరసన కూర్చొని భోజనం చేయడాన్ని తోటి ఉద్యోగులు సహించలేక పెద్ద రభస చేశారు. రాణి వారి మాట వినలేదు.

దంపతుల శీతకాలం

ఈ చరిత్ర గురించి రాణుల కథలకన్నా జంటల కథలే ఎక్కువ చెబుతాయి. ఒకరికి జబ్బు, మరొకరిది పరిచర్య: అదే అప్పటి సాధారణ ప్రయాణం. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్, భార్య ఫానీ 1883లో ఇయేర్‌లో లా సొలిట్యూడ్ అనే చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. ఊపిరితిత్తుల నుంచి రక్తం పడుతుంటే ఆయన మాట్లాడటం మానేసి కాగితం మీద రాసి చూపేవాడు. ఊళ్లోకి కలరా రావడంతో 1884లో ఇల్లు ఖాళీ చేశారు. జీవితంలో తాను సుఖపడింది అక్కడేనని చాలా ఏళ్ల తరవాత సమోవా నుంచి మిత్రుడికి రాశాడు. యుద్ధంలో తమ్ముడు చనిపోయిన దుఃఖంతో రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ బాండోల్ పట్టణం చేరింది. 1916 మొదట్లో సహచరుడు జాన్ మిడిల్టన్ మరీతో కలిసి విల్లా పౌలిన్‌లో ఉండి, తరవాత 'ప్రెల్యూడ్'గా మారిన రచన సాగించింది.

శీతకాలపు ఆధిపత్యం ముగింపుకూ ఒక జంట పేరే చెబుతారు. అమెరికన్లు జెరాల్డ్, సారా మర్ఫీ 1923లో ఆంటీబ్‌లోని హోటల్ ద్యు కాప్ యజమానిని ఒప్పించి, కొద్దిమంది పనివాళ్లతో వేసవిలోనూ తెరిపించారు. చిత్రకారుడు పికాసో, రచయిత ఫిట్జెరాల్డ్ లాంటి మిత్రులు వారి చుట్టూ చేరారు. కీర్తి అంతా మర్ఫీలకే కట్టబెట్టడం అతిశయోక్తి. అప్పటికే రష్యా విప్లవం పాత అతిథులను తుడిచిపెట్టింది. గొడుగు నీడన తెల్లగా ఉండటం గొప్ప అనుకునే తరం పోయి, ఒంటికి ఎండ పట్టించుకోవడమే షోకైంది. 1930ల మొదట్లో హోటళ్లు వేసవికీ తెరవసాగాయి. 1936లో ఫ్రెంచ్ కార్మికులకు రెండు వారాల వేతన సెలవు దక్కాక సామాన్యులూ తీరానికి రావడం మొదలైంది.

చలికాలపు గిరాకీ పూర్తిగా పోలేదు. 1873లో సంస్థాగత రూపం దాల్చిన నీస్ కార్నివాల్ ఇప్పటికీ ఫిబ్రవరిలోనే. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మిమోసా చెట్లు జనవరిలో పసుపుపచ్చని పూలతో నిండుతాయి. బోర్మ్-లె-మిమోసా నుంచి గ్రాస్ వరకు 130 కిలోమీటర్ల దారికి వాటి పేరే పెట్టారు. పిల్లల బడి సెలవులతో పని లేని పెద్దవయసు దంపతులకు తక్కువ గదిఅద్దెల ఈ కాలమే అనుకూలం. నాటి విల్లాలు, హోటళ్లు, తోటల కారణంగా యునెస్కో 2021లో నీస్‌ను రివియేరా శీతకాలపు విడిది నగరంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సిమియేలో విక్టోరియా బస చేసిన రెజీనా హోటల్ అపార్ట్‌మెంట్లుగా మారింది. చిత్రకారుడు మాటిస్ 1938 తరవాత అందులో నివసించాడు. 1930లలో మొదలైన మెంటన్ నిమ్మపండ్ల ఉత్సవమూ ఫిబ్రవరిలోనే జరుగుతుంది. అయితే ఆ భారీ శకటాలకు కట్టే నిమ్మ, నారింజలు స్పెయిన్‌వి. 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన అసలు మెంటన్ నిమ్మ దిగుబడి తక్కువ, ధర ఎక్కువ. శకటాలకు గుచ్చడానికి ఎవరూ దాన్ని వాడరు.