మౌస్ పక్కన పెట్టిన రెడ్‌మండ్

మౌస్ నొక్కడం వస్తే చాలు, కంప్యూటర్ వచ్చినట్టేనని జనాన్ని నమ్మించి ఎదిగిన కంపెనీ మైక్రోసాఫ్ట్. నల్లటి తెర మీద కమాండ్లు కొట్టడం యూనిక్స్ వాళ్ల పని అన్న భావన వాషింగ్టన్ రాష్ట్రంలోని దాని రెడ్‌మండ్ కార్యాలయాల్లో చాలాకాలం ఉండేది. ఆ ధీమాను సడలించిన వాటిలో క్లస్టర్, అంటే ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపు, ఒకటి.

ఒక సర్వర్ పడిపోతే ఇంకొకటి పని అందుకోవాలన్న ఆలోచన మైక్రోసాఫ్ట్‌ది కాదు. కాలిఫోర్నియాలో టాండెం కంపెనీ 1976లోనే నాన్‌స్టాప్ యంత్రాలు అమ్మింది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1983లో వ్యాక్స్‌క్లస్టర్ తెచ్చింది. ఆ డిజిటల్ నుంచే 1988లో డేవ్ కట్లర్ రెడ్‌మండ్ వచ్చి విండోస్ ఎన్‌టీకి పునాది వేశాడు. ‘వుల్ఫ్‌ప్యాక్’ అనే రహస్యనామంతో తయారైన క్లస్టర్ సర్వర్ 1997లో ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో బయటికొచ్చింది. అందులో ఉన్నవి రెండే నోడ్లు (సర్వర్లు), రెండింటికీ కలిపి ఉమ్మడి డిస్కులు.

ఇందులో అసలు కీలకం ‘గ్రూపు’. ఒక డేటాబేస్‌నే తీసుకోండి. దానికో డిస్కు, ఒక ఐపీ అడ్రసు, ఒక నెట్‌వర్క్ పేరు, ఆపైన సర్వీసు ఉంటాయి. ఇవన్నీ ఒకే గ్రూపు. ఐపీ అడ్రసు లేవనిదే నెట్‌వర్క్ పేరు లేవదు. డిస్కు రానిదే సర్వీసు మొదలవదు. ఆపేటప్పుడు ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. గ్రూపు ఏ క్షణంలోనైనా ఒక్క నోడ్ చేతిలోనే ఉంటుంది. ఆ నోడ్ పోతే గ్రూపు మొత్తం పక్క నోడ్‌కు వెళ్లిపోతుంది. పేరూ అడ్రసూ మారవు కాబట్టి, కనెక్షన్ కాసేపు తెగినా అవతలివాడు మళ్లీ అదే సర్వర్‌కు కలుస్తున్నాననుకుంటాడు.

క్లస్టర్‌ను నడపడానికి బొమ్మల కన్సోల్‌తో పాటు ‘క్లస్టర్ డాట్ ఈఎక్స్ఈ’ అనే చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. ‘క్లస్టర్ గ్రూప్’ అని కొడితే ఏ గ్రూపు ఏ నోడ్ మీద ఉందో, ఆన్‌లైనో ఆఫ్‌లైనో వరసగా చూపిస్తుంది. గ్రూపు పేరు తర్వాత ‘స్లాష్ మూవ్‌టు’ కొట్టి నోడ్ పేరిస్తే గ్రూపు అక్కడికి కదులుతుంది. రెండు నోడ్లున్నప్పుడు దీని అవసరం పెద్దగా కనిపించలేదు. 2003 నాటికి ఎనిమిది, 2008లో పదహారు నోడ్లయ్యాయి. పైగా 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు! ఒక్కో నోడ్‌ను ఖాళీ చేయడం, ప్యాచ్ వేయడం, రీబూట్ చేయడం, గ్రూపులను వెనక్కి తేవడం. అర్ధరాత్రి ఇదంతా మౌస్‌తో చేయమంటే ఎవరికైనా విసుగే. డాలస్‌లో శనివారం అర్ధరాత్రి అంటే హైదరాబాద్‌లో ఆదివారం పొద్దెక్కిన వేళ. అమెరికా సర్వర్లకు ఇక్కడి నుంచి చేసే ఆ ప్యాచింగ్ డ్యూటీ ఎందరో తెలుగువాళ్లకు తెలిసిందే.

పాత ప్రోగ్రాంకో ఇబ్బంది ఉంది. అది ఇచ్చేది ఉత్త అక్షరాలు. స్క్రిప్టు రాసేవాడు ఆ వరసలను ముక్కలు కోసి నోడ్ పేరేదో, స్థితి ఏదో ఏరుకోవాలి. గ్రూపు పేరులో ఖాళీ ఉంటే తిప్పలే.

ఈ జబ్బు విండోస్ అంతటా ఉందని గట్టిగా వాదించినవాడు మైక్రోసాఫ్ట్ ఇంజనీరు జెఫ్రీ స్నోవర్. యూనిక్స్ పనిముట్లు తెచ్చి పెడితే సరిపోతుందనే ఆయనా మొదట అనుకున్నాడు. కానీ యూనిక్స్‌లో సెట్టింగులన్నీ టెక్స్ట్ ఫైళ్లు; విండోస్‌లో అవి రిజిస్ట్రీలోనూ ఏపీఐల వెనకా ఉంటాయి. కాబట్టి కమాండ్ల మధ్య అక్షరాలు కాక, పేరూ స్థితీ విడివిడిగా ఉండే ఆబ్జెక్టులే ప్రవహించాలని 2002లో ‘మోనాడ్ మేనిఫెస్టో’ రాశాడు. దీన్ని పట్టుకుని వేలాడినందుకు తన హోదా తగ్గించారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 2006 నవంబరులో ఆ పనే పవర్‌షెల్ అనే కమాండ్ పనిముట్టుగా విడుదలైంది.

క్లస్టర్లకు మాత్రం అది వెంటనే అందలేదు. 2008లో బొమ్మల తెర తీసేసిన సర్వర్ కోర్ వచ్చింది కానీ, అందులో పవర్‌షెల్‌కు ఆధారమైన డాట్‌నెట్ లేదు కాబట్టి పవర్‌షెల్ కూడా నడవలేదు. ఆ పెట్టె ముందు కూర్చున్నవాడికి పాత ప్రోగ్రామే దిక్కు. విండోస్ సర్వర్ 2008 ఆర్2లో ఆ లోటు తీరింది. ‘గెట్ క్లస్టర్‌గ్రూప్’తో గ్రూపులను తీసి, ఒక నోడ్ మీదివి ఏరి, ‘మూవ్ క్లస్టర్‌గ్రూప్’కు అందించడం ఒక్క వరస పని అయింది.

2012 సర్వర్ వచ్చేసరికి క్లస్టర్‌లో 64 నోడ్లు. నోడ్‌ను ఖాళీ చేయడానికి ‘డ్రెయిన్’, మొత్తం ప్యాచింగ్‌ను తానే నడిపే క్లస్టర్ అవేర్ అప్‌డేటింగ్ వచ్చాయి. అప్పుడు సర్వర్ విభాగానికి అధిపతి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరింది యూనిక్స్ కంపెనీ సన్ నుంచే. పాత ‘క్లస్టర్ డాట్ ఈఎక్స్ఈ’ని ఆ విడుదలలో పూర్తిగా తీసెయ్యలేదు. వద్దనుకున్నవాళ్లకు కనబడకుండా ఐచ్ఛికాల జాబితాలో పెట్టారు. పాత స్క్రిప్టులు వదలలేనివాళ్లు వెతికి ఇన్‌స్టాల్ చేసుకున్నారు.