ఆడి (కార్ల సంస్థ)

ఆడి జర్మనీకి చెందిన ఖరీదైన కార్ల తయారీ సంస్థ. దీని ప్రధాన కార్యాలయం బవేరియా రాష్ట్రంలోని ఇంగోల్‌స్టాట్ నగరంలో ఉంది. ఇది ఫోక్స్‌వ్యాగన్ సంస్థల సముదాయంలో ఒక భాగం. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న నాలుగు వలయాలు దీని చిహ్నం.

పేరు

ఆగస్ట్ హోర్ఖ్ అనే ఇంజనీరు 1899లో కొలోన్ నగరంలో తన పేరుతో ఒక సంస్థను స్థాపించాడు. తరువాత పాలకవర్గంతో విభేదాలు రావడంతో 1909లో దానిని వదిలి, జ్వికావ్ పట్టణంలో మరొక సంస్థను ప్రారంభించాడు. అయితే "హోర్ఖ్" అనే పేరు పాత సంస్థకే చెందుతుందని న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ విధంగా ఆయన తన సొంత పేరునే వాడుకునే హక్కును కోల్పోయాడు. జర్మన్ భాషలో ఆ మాటకు "విను" అని అర్థం. లాటిన్ చదువుకుంటున్న ఒక మిత్రుని కుమారుడు, ఆ భాషలో అదే అర్థమిచ్చే "ఆడి" అనే పదాన్ని సూచించాడు. 1910లో ఆ పేరు స్థిరపడింది.

చరిత్ర

1932లో ఆడి, డి.కె.డబ్ల్యూ., హోర్ఖ్, వాండరర్ సంస్థలు కలిసి "ఆటో యూనియన్"గా ఏర్పడ్డాయి. చిహ్నంలోని నాలుగు వలయాలు ఈ నాలుగు సంస్థలకు గుర్తు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆటో యూనియన్ నిర్బంధ శిబిరాల ఖైదీలచేత వెట్టిచాకిరీ చేయించింది. ఆడి స్వయంగా చేయించిన చారిత్రక అధ్యయనం 2014లో ఈ విషయాన్ని వివరంగా వెల్లడించింది. యుద్ధానంతరం తూర్పు జర్మనీలోని కర్మాగారాలు చేజారిపోగా, 1949లో ఇంగోల్‌స్టాట్‌లో సంస్థను పునఃస్థాపించారు. 1958లో ఇది డైమ్లర్-బెంజ్ అధీనంలోకి, 1960వ దశకం మధ్యలో ఫోక్స్‌వ్యాగన్ అధీనంలోకి వచ్చింది. 1980లో విడుదలైన క్వాట్రో కారు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తిని అందించే విధానానికి పేరు తెచ్చింది. 2015లో బయటపడిన డీజిల్ ఇంజన్ల కాలుష్య పరీక్షల మోసం సంస్థ ప్రతిష్ఠను దెబ్బతీసింది.

భారతదేశంలో

1985లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రపంచ క్రికెట్ ఛాంపియన్‌షిప్‌లో రవిశాస్త్రి ఆడి 100 కారును బహుమతిగా గెలుచుకోవడంతో ఈ పేరు భారతీయులకు సుపరిచితమైంది. హైదరాబాదుకు చెందిన మొహమ్మద్ అజారుద్దీన్ కూడా ఆ జట్టులో సభ్యుడే. 2007లో ఆడి ఇండియా ఏర్పడింది. మహారాష్ట్రలోని ఔరంగాబాదులో (నేటి ఛత్రపతి శంభాజీనగర్) కార్ల కూర్పు జరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం

మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారాన్ని విశాఖపట్నానికి రప్పించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించింది. ఇందుకోసం 2005లో వశిష్ట వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలు చెల్లించింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని ఫోక్స్‌వ్యాగన్ ప్రకటించడంతో వివాదం చెలరేగి, కేసు సి.బి.ఐ. దర్యాప్తునకు వెళ్ళింది. చివరకు ఆ కర్మాగారం పూణే సమీపంలోని చాకణ్‌లో నిర్మితమై 2009లో ప్రారంభమైంది.